యాభై ఒక్క శాతం ఎవరి చేతిలో ఉంటుంది?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు. 2019లో ఉద్యోగరీత్యా జోహానెస్‌బర్గ్ వచ్చాను. ఒక బీమా బ్రోకరేజీ సంస్థలో అకౌంట్లు చూస్తున్నాను. సంస్థ వార్షిక రాబడి సుమారు 3.8 కోట్ల రాండ్లు. యజమాని శ్వేతజాతీయుడు, వాటాలన్నీ ఆయనవే. మీ బీఈఈ (నల్లజాతి ఆర్థిక సాధికారత) స్థాయి లెవెల్ 2కు చేరకపోతే కాంట్రాక్టు పొడిగించలేమని ఈ ఏడాది ఇద్దరు పెద్ద క్లయింట్లు చెప్పేశారు. దానికి మా యజమాని ఒక దారి ఆలోచించారు. పద్నాలుగేళ్లుగా మా ఆఫీసు వ్యవహారాలన్నీ చూసుకుంటున్న సోవెటోకు చెందిన నల్లజాతి ఆవిడ పేర 51 శాతం వాటాలు రాస్తారట. ఆవిడ డబ్బు పెట్టనక్కరలేదు, సంస్థే అప్పు ఇచ్చినట్టు చూపిస్తారు. ఆవిడ ఓటు హక్కు ప్రాక్సీ ద్వారా ఆయన దగ్గరే ఉంటుంది. అప్పు తీరేదాకా డివిడెండ్లు ఉండవు. ఎప్పుడు కావాలంటే అప్పుడు 100 రాండ్లకు వాటాలు తిరిగి కొనుక్కునే హక్కు కూడా ఆయనకే. ఈ కాగితాలు, అఫిడవిట్ తయారు చేసే పని నాకు అప్పగించారు. ఇది సబబేనా? అసలు ఈ స్కోరు ఎలా లెక్కిస్తారు? డర్బన్‌లో పుట్టిన మా సహోద్యోగిది కూడా తెలుగు కుటుంబమే. ఆయన లెక్కలోకి వస్తారట, నేను రానట. ఎందుకని? ఇన్ని లెక్కల వల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా?

— ఒక పాఠకురాలు, జోహానెస్‌బర్గ్

సమాధానం: అమ్మా, ముందు ఆ అఫిడవిట్ పని ఆపేయండి. ముసాయిదా కూడా రాయకండి. మీ యజమాని చెప్పిన ఒప్పందాలను విడివిడిగా చూస్తే వ్యాపారంలో అక్కడక్కడా కనిపించేవే. అన్నీ కలిపి ఒకే మనిషి పేర, ఒకే రోజున, ఒక సర్టిఫికెట్ కోసం పుట్టించినప్పుడు మాత్రం అది అచ్చమైన బినామీ వ్యవహారం. దక్షిణాఫ్రికాలో దాన్ని ఫ్రంటింగ్ అంటారు. విస్తృత నల్లజాతి ఆర్థిక సాధికారత చట్టం 2003లో వచ్చింది. 2013లో దానికి చేసిన సవరణ ఫ్రంటింగ్‌ను నేరంగా నిర్వచించింది. తెలిసి పాల్గొన్న వ్యక్తికి పదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. సంస్థకైతే వార్షిక టర్నోవరులో 10 శాతం వరకు జరిమానా. శిక్ష పడినవారు పదేళ్లపాటు ప్రభుత్వ సంస్థలతో వ్యాపారం చేయడానికి వీల్లేదు. నేను ఉద్యోగిని, చెప్పింది చేశాను అన్న మాట మిమ్మల్ని కాపాడుతుందని నేననుకోను. అందులో ఏముందో మీకు తెలుసు. తెలుసు కాబట్టే నాకు రాశారు.

మీ యజమాని ఈ దారి ఎందుకు ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఏడాదికి కోటి రాండ్ల లోపు రాబడి ఉన్న సంస్థలను అతి చిన్నవిగా, కోటి నుంచి 5 కోట్ల మధ్య ఉన్నవాటిని చిన్న సంస్థలుగా కోడ్‌లు (ఈ చట్టం కింద స్కోరు లెక్కించే నియమావళులు) చూస్తాయి. మీది రెండో కోవ. ఈ కోవలోని సంస్థ మామూలుగా వెరిఫికేషన్ ఏజెన్సీని పిలిపించి, ఒక్కో అంశానికీ రుజువులు చూపించి పాయింట్లు తెచ్చుకోవాలి. 51 శాతం నల్లజాతి వారి యాజమాన్యంలో ఉంటే మాత్రం ఈ తతంగమేమీ అక్కరలేదు. ప్రమాణపత్రం మీద సంతకం చేసి నేరుగా లెవెల్ 2 అనిపించుకోవచ్చు. నూటికి నూరు శాతం వారిదే అయితే అన్నిటికన్నా పైదైన లెవెల్ 1. నిజంగా నల్లజాతి వారు నడుపుకుంటున్న చిన్న సంస్థలకు ఆడిట్ ఖర్చు తప్పించాలని పెట్టిన వెసులుబాటు ఇది. దాన్ని మీ యజమాని పక్కదారిగా వాడుకోవాలనుకుంటున్నారు.

ఆ పక్కదారి కూడా ఆయన అనుకున్నంత దూరం పోదు. 51 శాతం యాజమాన్యం అనిపించుకోవడానికి వాటాల రిజిస్టరులో పేరు ఎక్కితే చాలదు. కోడ్‌ల నిర్వచనం మూడు షరతులు పెడుతుంది. వాడుకోగలిగే ఓటు హక్కులో 51 శాతం నల్లజాతి వారి చేతిలో ఉండాలి. ఆర్థిక ప్రయోజనంలో, అంటే డివిడెండ్లలోనూ వాటాల విలువలోనూ 51 శాతం వారికే దక్కాలి. మూడోది నికర విలువ. అప్పు పోను వారికి మిగిలే విలువకు ఇచ్చే పాయింట్లు పూర్తిగా రావాలి. ఇప్పుడు మీ కాగితాలను ఈ మూడింటి పక్కన పెట్టి చూడండి. ప్రాక్సీతో మొదటిది పోయింది. డివిడెండ్లు ఆపి, 100 రాండ్లకు వాటాలు వెనక్కి తీసుకునే హక్కు పెట్టడంతో రెండోది పోయింది. మూడోది లెక్క వేస్తేగాని తెలియదు. అకౌంటెంటు కాబట్టి మీకు అది ఇట్టే అర్థమవుతుంది.

మీ సంస్థ విలువ 2 కోట్ల రాండ్లు అనుకుందాం. 51 శాతం అంటే 1.02 కోట్లు. మొత్తం అప్పుగానే చూపిస్తే ఆవిడ వాటా విలువ 1.02 కోట్లు, అప్పూ 1.02 కోట్లు. నికర విలువ సున్నా. సంస్థ మొత్తం విలువలో 25 శాతం, అప్పు బరువు లేకుండా, పదేళ్లలో నల్లజాతి వారి చేతికి చేరాలన్నది కోడ్ పెట్టిన గురి. ఒక్కసారే అడగకుండా మెట్లు కట్టింది. మొదటి ఏడాది ఆ గురిలో 10 శాతం, రెండో ఏడాది 20 శాతం, మూడు నాలుగు ఏళ్లలో 40, అయిదు ఆరు ఏళ్లలో 60, ఏడు ఎనిమిది ఏళ్లలో 80, తొమ్మిది పది ఏళ్లకు మొత్తం. మీ లెక్కకు అన్వయిస్తే మొదటి ఏడాదే 5 లక్షల రాండ్లు, రెండో ఏడాదికి 10 లక్షలు, మూడో ఏడాదికి 20 లక్షలు, తొమ్మిదో ఏటికి 50 లక్షలు ఆవిడ సొంతంగా తేలాలి. సంస్థ విలువ పెరిగితే కొంత దానంతట అదే కలిసి వస్తుంది. కలిసిరాకపోతే అప్పు తీరాలి. అప్పు తీరాలంటే ఆవిడ పేర డివిడెండ్లు ప్రకటించి, ఆ మొత్తాన్ని అప్పు ఖాతాలో జమ చేయాలి. డివిడెండే లేదన్నప్పుడు అప్పు ఎలా తీరుతుంది? విలువ పెరిగినా 100 రాండ్లకు లాగేసుకునే హక్కు ఉన్నంతకాలం ఆ పెరుగుదల ఆవిడది ఎలా అవుతుంది? మొదటి ఏడాదే నికర విలువ సున్నా దగ్గర ఆగితే 51 శాతం నిర్వచనమే వర్తించదు. దాని మీద ఆధారపడిన అఫిడవిట్ అబద్ధం అవుతుంది.

నాకు ఈ మొత్తం కొలతల్లో ఎక్కువ నచ్చేది ఈ నికర విలువ సూత్రమే. పేరు ఎవరిదో అడిగి ఊరుకోదు. ఇప్పటిదాకా ఎంత చేతికి వచ్చింది అని ఏటేటా అడుగుతుంది. పెద్ద సంస్థల స్కోర్‌కార్డులో కూడా దీనికి ప్రత్యేక స్థానం ఉంది. సాధారణ కోడ్‌లో యాజమాన్యానికి 25 పాయింట్లుంటే అందులో 8 నికర విలువవే. వాటిలో కనీసం 40 శాతం, అంటే 3.2 పాయింట్లు రాకపోతే మిగతా అన్ని అంశాల్లో ఎంత బాగా వచ్చినా సంస్థ ఒక లెవెల్ కిందికి దిగిపోతుంది. ఒక పెద్ద కంపెనీలో 25 శాతం వాటా అప్పుతో కొన్న నల్లజాతి భాగస్వాములు మూడో ఏట ఉన్నారనుకోండి. అప్పటికి అప్పు పోను సంస్థ విలువలో 5 శాతం తేలితే, ఆ ఏటి గురి 10 శాతం కాబట్టి 8లో 4 పాయింట్లు వస్తాయి, గండం గట్టెక్కుతుంది. 1.5 శాతమే తేలితే 1.2 పాయింట్లు, లెవెల్ పడిపోతుంది. షేర్ల ధర పడితే ఇది ఎలా తలకిందులవుతుందో 2008 సంక్షోభంలో అప్పుతో వాటాలు కొన్న చాలామంది చూశారు.

ఇక మొత్తం లెక్క సంగతి. మీ సంస్థకు వర్తించేది సాధారణ కోడ్ కాదు, ఆర్థిక సేవల రంగానికి విడిగా ఉన్న కోడ్. 2002లో ప్రభుత్వం, వ్యాపార వర్గాలు, కార్మిక సంఘాలు, పౌర సంఘాలు కలిసి ఆర్థిక రంగం మీద ఒక సదస్సు జరుపుకున్నాయి. దాని ఫలితంగా 2003 అక్టోబరులో బ్యాంకులు, బీమా సంస్థలు స్వచ్ఛందంగా ఒక చార్టర్ మీద సంతకాలు చేశాయి. 2004 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 2012లో అదే చట్టబద్ధమైన కోడ్‌గా గెజిట్‌లోకి ఎక్కింది. 2017 డిసెంబరులో సవరించారు. పాయింట్ల సంఖ్య సాధారణ కోడ్‌కూ దీనికీ తేడా ఉంటుంది కాబట్టి నేను పైన చెప్పిన అంకెలను తర్కం అర్థం చేసుకోవడానికే వాడుకోండి. ఫైలు వేసేటప్పుడు మీ రంగం పట్టికనే ముందు పెట్టుకోండి. చాలామంది సలహాదారులు ఇక్కడే ఒకదానికి బదులు ఇంకోటి వాడి చిక్కులు తెస్తుంటారు.

ఈ రంగపు స్కోర్‌కార్డులో యాజమాన్యం తర్వాత వచ్చేది నిర్వహణ. బోర్డులో ఎవరున్నారు, పై స్థాయి, మధ్య స్థాయి, కింది స్థాయి మేనేజర్లలో నల్లజాతి వారు ఎందరు, వారిలో స్త్రీలు ఎందరు అని విడివిడిగా చూస్తారు. ఆఫ్రికన్లకు వేరుగా కొలతలున్నాయి కాబట్టి ఒక్క సముదాయాన్నే నింపి గట్టెక్కడం కుదరదు. తర్వాత నైపుణ్యాభివృద్ధి. జీతాల మొత్తంలో ఎంత భాగం నల్లజాతి ఉద్యోగుల శిక్షణ మీద ఖర్చయిందన్నది కొలత. ఆపైన కొనుగోళ్లు, చిన్న సంస్థలకు చేయూత. చివర్లో సామాజిక సహాయం. ఈ రంగంలో దానికి వినియోగదారులకు డబ్బు వ్యవహారాలు నేర్పడం కూడా జతచేశారు. బ్యాంకులకు, జీవిత బీమా సంస్థలకు ఇవిగాక సాధికారత కోసం ఇచ్చే రుణాలు, పేదలకు ఆర్థిక సేవల అందుబాటు అనే అంశాలున్నాయి. మీలాంటి బ్రోకరేజీకి అవి వర్తించవు.

క్లయింట్లు ఎందుకు అంత పట్టుబడుతున్నారన్నది కొనుగోళ్ల అంశంలో ఉంది. ఒక ప్రైవేటు సంస్థకు స్కోరు తక్కువ వచ్చినంత మాత్రాన శిక్షేమీ లేదు. మన దగ్గరి రిజర్వేషన్లలా ఇన్ని సీట్లు అని చట్టం నిర్ణయించదు. ఒత్తిడి గొలుసుకట్టుగా కిందికి వస్తుంది. లెవెల్ 1 సరఫరాదారుకు చెల్లించిన ప్రతి 100 రాండ్లూ క్లయింటు ఖాతాలో 135గా లెక్కకు వస్తాయి. లెవెల్ 2కు 125, లెవెల్ 4కు సరిగ్గా 100, లెవెల్ 8కి 10. అంతకన్నా కింద ఉంటే సున్నా. వాటాలన్నీ ఒకే శ్వేతజాతీయుడి చేతిలో ఉండి, మిగతా అంశాల మీద శ్రద్ధ పెట్టని మీ సంస్థ ఇప్పుడు ఈ సున్నా దగ్గరే ఉండి ఉంటుంది. మీకు కట్టే కమీషను, ఫీజు మొత్తం వాళ్ల స్కోరుకు వృథా అవుతోంది. ఆ క్లయింట్లలో ప్రభుత్వ సంస్థ ఉంటే విషయం మరీ బరువైనది. లైసెన్సులు, టెండర్ల దగ్గర ఈ కోడ్‌లను పరిగణనలోకి తీసుకోవాలని చట్టమే వాటిని ఆదేశిస్తోంది.

ప్రభుత్వ సంస్థ అన్నాను కాబట్టి ఒక తీర్పు చెప్పాలి. కేప్‌టౌన్ నగర పాలక సంస్థ టెండర్ల విషయంలో ఒక కంపెనీ మరో కంపెనీ మీద ఫిర్యాదు చేసింది. వాటాదారులుగా చూపించిన వెనుకబడిన వర్గాల వారికి నిర్వహణలో పాత్ర లేదని, మిగతావారితో సమానంగా ప్రతిఫలం అందడం లేదని ఆరోపణ. అలాంటి సమాచారం చేతికందాక నగర పాలక సంస్థ చూసీచూడనట్టు ఊరుకోవడానికి లేదు, విచారించి చర్య తీసుకోవాలని 2010లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. కాబట్టి మీ వాటాల బదిలీ మీద ఒక పోటీదారు ఉత్తరం రాసినా చాలు. ఎవరో ఒకరు వచ్చి ఆ సోవెటో ఆవిడను కూర్చోబెట్టి అడుగుతారు. కిందటి వాటాదారుల సమావేశంలో మీరు దేనికి ఓటు వేశారు? మీకు ఎంత డివిడెండు వచ్చింది? సంస్థకు అప్పు ఎంత ఉంది? ఆవిడ దగ్గర జవాబు ఉండదు. ఆ గదిలో ఒంటరిగా కూర్చోవలసి వచ్చేది ఆవిడే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఇదే. యజమాని కాంట్రాక్టు గురించి ఆలోచిస్తున్నారు, మీరు మీ సంతకం గురించి ఆలోచిస్తున్నారు. రెండూ సహజమే. పద్నాలుగేళ్లు ఆ ఆఫీసును నిలబెట్టిన మనిషి పేర 1.02 కోట్ల రాండ్ల అప్పు కాగితం తయారవుతోంది. సంస్థ దెబ్బతింటే లిక్విడేటరు (మూతపడిన సంస్థ ఆస్తులు, అప్పులు తేల్చే వ్యక్తి) ఆ అప్పు వసూలుకు ఆవిడ దగ్గరికే రావచ్చు. డైరెక్టరుగా కూడా పేరు చేరిస్తే 2008 నాటి కంపెనీల చట్టం కింద బాధ్యతలు మెడకు చుట్టుకుంటాయి. జీతం తప్ప పైసా అందని చోట ఇంత భారం. ఆవిడకు ఈ కాగితాల్లో ఏముందో ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే మీరు చెప్పండి. ఇంగ్లీషు ఒప్పందంలోని పేరాలు చదివి వినిపించడం కాదు, మీకు నేను వేసి చూపించినట్టు అంకెలు వేసి చూపించండి.

ఇప్పుడు మీ సొంత ప్రశ్న. చట్టం లెక్కించే నల్లజాతి వారిలో ఆఫ్రికన్లు, కలర్డ్ (మిశ్రమ సంతతి) వర్గం వారు, భారతీయులు ముగ్గురూ ఉన్నారు. 2008లో హైకోర్టు ఆదేశంతో చైనీయ సంతతి దక్షిణాఫ్రికన్లూ చేరారు. అయితే జాతి ఒక్కటే చాలదు, పౌరసత్వం కూడా చూస్తారు. పుట్టుక వల్లనో వంశం వల్లనో పౌరులై ఉండాలి. లేదా 1994 ఏప్రిల్ 27కు ముందే పౌరసత్వం పొంది ఉండాలి. ఆ తేదీకి ముందే పొందే అర్హత ఉండీ తర్వాత పొందిన వారికీ చోటుంది. మొదటి ప్రజాస్వామ్య ఎన్నికలు జరిగిన తేదీ అది.

మీ డర్బన్ సహోద్యోగి ముత్తాతలు బహుశా నేటాల్ చెరకు తోటల్లో కూలికి వచ్చినవారై ఉంటారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ మొదటి కూలీలను డర్బన్‌కు చేర్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉత్తర కోస్తా జిల్లాల నుంచి, ఇతర తెలుగు ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు ఒప్పంద కూలీలుగా అక్కడికి చేరాయి. 1931లో వాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను నిలుపుకున్నారు. వర్ణవివక్ష పాలనలో వాళ్లను భారతీయులకు కేటాయించిన పేటలకు తరలించారు, వేరే బడుల్లో చదివించారు, 1984 దాకా పార్లమెంటుకు ఓటు లేకుండా ఉంచారు. మీ సహోద్యోగి స్కోర్‌కార్డులో లెక్కకు రావడానికి ఆ చరిత్రే కారణం. మీరు, నేను దాన్ని అనుభవించలేదు. మీరు 2019లో వెళ్లారు. రేపు అక్కడి పౌరసత్వం వచ్చినా ఈ నిర్వచనంలోకి రారు. మీ మీద పెట్టిన శిక్షణ ఖర్చుకు పాయింట్లు రావు, మీ పేర వాటాలు రాసినా నల్లజాతి యాజమాన్యంగా లెక్కకు రావు. ఉద్యోగ సమానత్వ నివేదిక ఫారంలో మీకు విదేశీయుల గడి ఉంటుంది, అక్కడే ఉండండి. ఎవరైనా మొహమాటపెట్టి మిమ్మల్ని భారతీయుల గడిలోకి తోస్తే ఒప్పుకోవద్దు. చిన్న అబద్ధంలా కనిపిస్తుందిగాని, నిర్వహణ పాయింట్లన్నీ దాని మీద నిలబడి ఉంటే అది కూడా తప్పుడు సమాచారమే.

మేలు జరుగుతోందా అన్నారు. ఈ రంగంలోనే రెండు సంగతులు చెబుతాను.

చార్టర్ వచ్చిన కొత్తల్లో బ్యాంకులు పేదల దగ్గరికి వెళ్లాలన్న గురి ఉండేది. తక్కువ రాబడి వర్గాల్లో 80 శాతం మందికి 2008కల్లా బ్యాంకు సేవలు అందాలి, సేవలందే చోటు ఇంటికి 20 కిలోమీటర్ల లోపు ఉండాలి అని రాసుకున్నారు. 2004 అక్టోబరులో నాలుగు పెద్ద బ్యాంకులు, పోస్ట్‌బ్యాంక్ కలిసి మ్జాన్సీ అనే చౌక ఖాతా తెచ్చాయి. 2008 చివరికి 60 లక్షలకు పైగా ఖాతాలు తెరుచుకున్నాయి. అంతవరకు బ్యాంకు గడప తొక్కని లక్షల మందికి కార్డు చేతికొచ్చింది. అది చిన్న విషయం కాదు. 1913 నాటి భూమి చట్టం నల్లజాతి వారిని దేశంలో ఏడు శాతం నేలకు పరిమితం చేసింది. తాకట్టుకు ఆస్తి లేని మనిషిని బ్యాంకు తరతరాలుగా మనిషిగానే చూడలేదు. అయితే ఆ ఖాతాల్లో పెద్ద భాగం కొన్నాళ్లకు వాడకం లేకుండా పడి ఉన్నాయి. జీతమో పెన్షనో రాగానే మొత్తం తీసేసుకుని, నెలంతా ఖాతా వంక చూడనివారు ఎందరో. మన జన్‌ధన్ ఖాతాల మొదటి రోజుల్లో తెలుగు రాష్ట్రాల బ్యాంకు సిబ్బంది సరిగ్గా ఇదే చూశారు. ఖాతాలు లెక్కపెడితే ఒక జవాబు వస్తుంది, ఖాతాలో జరిగే లావాదేవీలు లెక్కపెడితే వేరే జవాబు వస్తుంది. కొలిచేవాడు ఏది కొలవాలో ఎంచుకోవడంలోనే సగం న్యాయం ఉంటుంది.

రెండోది యాజమాన్యం. 2004లో బీమా సంస్థ సన్లామ్, నల్లజాతి వ్యాపారవేత్త ప్యాట్రిస్ మోట్సేపే నాయకత్వంలోని ఉబుంటు-బోతో బృందంతో పదేళ్ల ఒప్పందం చేసుకుంది. 2013 చివరికి దాని గడువు పూర్తయ్యేసరికి అప్పు తీరి, వాటాలు నిజంగానే చేతికొచ్చాయి. అంటే ఇది సాధ్యమే. అలాంటి ఒప్పందాల్లో లాభం కొద్దిమంది పేర్ల చుట్టూ తిరిగిందన్న విమర్శలోనూ నిజముంది. అందుకే తర్వాతి కోడ్‌లలో కొత్తగా వాటాలు తీసుకునే వారికి, స్త్రీలకు, కార్మికుల పథకాలకు విడి పాయింట్లు పెట్టారు. మీ సోవెటో ఆవిడ కొత్తవారు, స్త్రీ, ఆ సంస్థ కార్మికురాలు. చట్టం ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో ఆ మనిషే మీ ఆఫీసులో కూర్చుని ఉంది. ఆవిడ పేరు మాత్రం వాడుకుని ఆవిడను వదిలేయడం నాకు మింగుడుపడని విషయం.

కాబట్టి మీ యజమానితో మాట్లాడేటప్పుడు కుదరదు అని మాత్రమే చెప్పి రాకండి, కుదిరే దారి కూడా చూపించండి. ఆయనకు నిజంగా ఆవిడను భాగస్వామిని చేసే మనసుంటే ప్రాక్సీ తీసేయాలి. 100 రాండ్ల హక్కు తీసేసి, అమ్మదలిస్తే ముందు ఒకరికొకరు సరసమైన ధరకు అమ్ముకోవాలన్న మామూలు నియమం పెట్టుకోవచ్చు. ఏటా డివిడెండు ప్రకటించాలి. అందులో ఎక్కువ భాగం అప్పుకు పోయినా కొంత ఆవిడ చేతికి రావాలి. ఏ ఏడాదికి ఎంత నికర విలువ తేలాలో పైన చెప్పిన మెట్ల ప్రకారం ఒక పట్టిక వేసి ఒప్పందానికి జతచేయండి. సంస్థ లాభాలు ఆ మెట్లు ఎక్కగలవా అన్నది మీరే లెక్క కట్టి చెప్పగలరు. ఎక్కలేవంటే 51 శాతం ఊసు వదిలేసి 25 లేదా 30 శాతంతో మొదలుపెట్టి, అక్రెడిటేషన్ ఉన్న ఏజెన్సీతో వెరిఫికేషన్ చేయించుకోవడం మేలు. మొదటి ఏడాది లెవెల్ 2 రాకపోవచ్చు. నిజంగా మెరుగవుతున్న సర్టిఫికెట్, వచ్చే రెండేళ్ల ప్రణాళిక చేతిలో ఉంటే క్లయింటుతో మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది.

శిక్షణ పాయింట్లు ఎక్కడినుంచి వస్తాయన్నది కూడా ఆవిడ దగ్గరే ఉంది. పద్నాలుగేళ్లుగా క్లెయిములు, పాలసీ పునరుద్ధరణలు చూస్తున్న మనిషికి క్లయింట్లకు సలహా ఇచ్చేవారికి పెట్టే ఆర్‌ఈ 5 పరీక్ష రాయించారా? సంస్థను బాధ్యతగా నడిపేవారికి పెట్టే ఆర్‌ఈ 1 గురించి ఎవరైనా మాట్లాడారా? బీమా రంగ శిక్షణ సంస్థ ఇన్‌సేటా ద్వారా లెర్నర్‌షిప్‌లు (పనిచేస్తూ నేర్చుకునే శిక్షణలు) ఉన్నాయి. జీతాల మీద ఒక శాతం నైపుణ్యాల లెవీ మీరు ఎలాగూ కడుతున్నారు. ఈ ఖర్చు స్కోర్‌కార్డులో కలుస్తుంది, ఆవిడ వాటాదారుగా కూర్చునే సమావేశంలో మాట్లాడే ధైర్యమూ ఇస్తుంది.

ఆయన వినకపోతే? మీకు అప్పగించిన పనిని ఎందుకు చేయలేకపోతున్నారో మర్యాదగా, క్లుప్తంగా ఈమెయిలులో రాసి పెట్టుకోండి. తప్పును బయటపెట్టిన ఉద్యోగులకు 2000 నాటి చట్టం రక్షణ ఇస్తోంది. ఫిర్యాదు దాకా వెళితే దాన్ని విచారించే అధికారం ఈ చట్టం అమలును చూసే బీ-బీబీఈఈ కమిషన్‌కు ఉంది. మీ వీసా ఈ ఉద్యోగానికి ముడిపడి ఉంటే మాత్రం ఆ అడుగు వేసే ముందు అక్కడి ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవండి. దానికి నా సలహా చాలదు.

ఆయన విన్నా సరే, ఒక పని తప్పకుండా జరగాలి. వాటాల ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆవిడ తన తరఫు న్యాయవాదికి అది చూపించుకోవాలి. ఫీజు సంస్థే చెల్లించవచ్చు, ఎవరిని పెట్టుకోవాలన్నది మాత్రం ఆవిడ ఇష్టం.